ఒకినావా రాతి సింహం, నీలిమందు, మధ్యలో సున్నం

(సహజ రంగులతో పనిచేసేవాళ్లూ శిల్పం నేర్చుకుంటున్న విద్యార్థులూ కలిసిన సభలో చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు అలాగే ఉంచి, పదే పదే వచ్చిన మాటలు మాత్రం తీసేశాం.)

ముందే ఒక మాట తేల్చేస్తాను, తర్వాత ఎవరూ నన్ను నిలదీయకూడదు. తెర మీద మీకు కనిపిస్తున్న ఈ నీలిరంగు రాతి సింహం పురాతనమైనది కాదండి. రాతి సింహం పాతదే, ఊళ్లలోకి వచ్చి మూడు వందల ఏళ్లు దాటింది. నీలిమందూ పాతదే. సింహాన్ని తీసుకెళ్లి నీలి తొట్టిలో ముంచడం మాత్రం ఈ కాలపు చేతిపనివాళ్ల ఆలోచన. ఒకినావా ఊళ్ల చివర కూర్చున్న పాత సింహాలకి మామూలుగా ఏ రంగూ ఉండదు, వానకి నల్లబడి, నాచు పట్టి, రాయి రాయిలాగే ఉంటాయి. అమ్మకానికి పెట్టేటప్పుడు "సంప్రదాయ" అని చీటీ తగిలించేయడం ఎక్కడైనా ఉన్నదే. మన దగ్గర మిషన్ మీద అచ్చేసిన కలంకారీకి తగిలించడం లేదా? [నవ్వులు] అయినా సరే, ఈ వస్తువు నాకు బాగా నచ్చింది. పాతది కాకపోయినా ఇందులో రాయికీ రంగుకీ అసలైన చుట్టరికం ఒకటి ఉంది, ఆ చుట్టరికం సున్నంలో ఉంది. ఇవాళ నేను చెప్పబోయేది అదే. కాకపోతే అక్కడిదాకా రావాలంటే సింహం దగ్గర మొదలుపెట్టాలి.

ఒకినావా అంటే జపాన్‌కి దక్షిణపు కొసన ఉన్న దీవులు. 1429 నుంచి 1879 దాకా అది ర్యూక్యూ అనే వేరే రాజ్యం, చైనాతో జపాన్‌తో ఆగ్నేయాసియాతో ఓడ వ్యాపారం చేసుకుంటూ బతికిన చిన్న రాజ్యం. ఆ దీవుల్లో సింహం అనే జంతువు ఏ కాలంలోనూ లేదు. చైనా నుంచి బొమ్మగా వచ్చింది, చైనాకి బౌద్ధంతో పాటు మన వైపు నుంచి వెళ్లింది. అక్కడ దాన్ని షీసా అంటారు. మొదట్లో అది రాజుగారి సొత్తు. 1501లో కట్టిన తమాఉడున్ అనే రాజసమాధి బురుజుల మీద రాతి సింహాలున్నాయి, షురి కోట ద్వారానికి అటూ ఇటూ ఉన్నాయి. మామూలు జనానికి దాంతో పనిలేదు.

జనం దగ్గరికి అది ఎలా వచ్చిందో చెప్పే కథకి తేదీ కూడా ఉంది. దక్షిణ ఒకినావాలో తోమోరి అని ఒక ఊరు. ఆ ఊళ్లో ఊరికే ఇళ్లు తగలబడుతుండేవి. అన్నీ గడ్డికప్పు ఇళ్లు, ఒకటి అంటుకుంటే పది పోతాయి. ఊరివాళ్లు విసిగిపోయి, కుమేమురా అనే చోట స్థిరపడ్డ చైనా సంతతివాళ్లలో వాస్తు చూసే పండితుడి దగ్గరికి వెళ్లారు. మన వాస్తు కాదులెండి, చైనావాళ్ల ఫెంగ్‌షుయ్. ఆయన వచ్చి చుట్టూ చూసి, ఎదురుగా ఉన్న యాఎసె కొండ అగ్ని కొండ, దాని చూపు మీ ఊరి మీద పడుతోంది, ఆ కొండకి ఎదురుగా ఒక సింహాన్ని చెక్కి పెట్టండి అన్నాడు. పెట్టారు. 1689లో. మంటలు ఆగాయని రాజ్యపు చరిత్ర గ్రంథంలోనే రాసి ఉంది. ఆ సింహం ఇప్పటికీ అక్కడే ఉంది, ఎత్తు దాదాపు 1.4 మీటర్లు, పొడవు ఇంకాస్త ఎక్కువ. ఊరి కాపలాకి పెట్టిన సింహాల్లో అదే పాతది, అదే పెద్దది.

మనవాళ్లకి ఇది కొత్తగా ఏమీ అనిపించదు. బొడ్రాయి ఉన్న ఊళ్లో పుట్టినవాళ్లు ఇక్కడ ఎంతమంది? చేతులెత్తండి. చూశారా, సగం సభ. పొలిమేరలో పోతురాజు, ఇంటి ముందు బూడిద గుమ్మడికాయ, కడుతున్న మేడకి దిష్టిబొమ్మ. ఊరికి బయటి నుంచి ఏదో వస్తుంది, దాన్ని గుమ్మంలోనే ఆపాలి అన్న భయం మనకి చిన్నప్పటి నుంచీ తెలిసిందే. తేడా ఎక్కడంటే, బొడ్రాయి ఊరి నడిమధ్యన ఉండి ఊరంతటినీ పట్టి ఉంచుతుంది, ఒకినావా సింహం ఊరి అంచున కూర్చుని బయటికి చూస్తుంది. దాని మొహం ఎటు తిరిగి ఉందన్నదే అసలు విషయం. శిల్పం చదివే పిల్లలు ముక్కు ఎలా ఉంది, జూలు ఎలా ఉంది అని చూస్తారు, ఊరి పెద్దలు మాత్రం అది ఎటు చూస్తోంది అని చూస్తారు. ఈ చూపు దగ్గర తగాదాలు కూడా వచ్చాయట. ఒక ఊరి సింహం పక్క ఊరి వైపు చూస్తే, ఆ చెడంతా మా మీదికి తోలుతున్నారని ఆ ఊరివాళ్లు తిరిగి దానికి ఎదురుగా ఇంకో సింహాన్ని పెట్టారని చెప్పుకునే కథలున్నాయి. అచ్చం మన ఊళ్ల సంగతే.

ఇప్పుడు బొమ్మల సంగతి. ఈ ఊరి సింహాల ఫొటోలు వరసగా వేస్తాను, చూడండి. ఇది కప్పలా లేదూ? ఇది పందిపిల్లలా ఉంది. దీనికి మొహమే లేదు, రెండు గుంటలు, ఒక గీత. వీటిని చెక్కింది ఆస్థాన శిల్పులు కాదు, చాలావరకు ఊరివాళ్లే. సింహాన్ని చూసినవాడు ఊళ్లో ఎవడూ లేడు, దగ్గరున్న రాయి తీసుకుని, సింహమంటే ఇలా ఉంటుందని విన్నది మనసులో పెట్టుకుని చెక్కారు. నాకు షురి కోట ద్వారం దగ్గరి నాజూకు సింహాల కన్నా ఇవే ఇష్టం, దీని మీద శిల్పులు నాతో గొడవపడొచ్చు. మీరు టూరిస్టు దుకాణాల్లో చూసే జంట సింహాలు, ఒకటి నోరు తెరిచి ఒకటి మూసి, ఎక్కువగా మట్టివి. ఇళ్ల కప్పుల మీద కూర్చునేవి ఇంకో రకం. సామాన్యులు పెంకులు వేసుకోకూడదన్న నిషేధం 1889లో పోయాక, కప్పులు వేసే మేస్త్రీలు మిగిలిన పెంకు ముక్కలూ సున్నమూ కలిపి చేసిపెట్టేవాళ్లు. అది వేరే పెద్ద కథ, ఇవాళ వద్దు.

తోమోరి సింహం గురించి ఇంకొక్కటి చెప్పి ముందుకెళ్తాను. 1945లో ఒకినావా యుద్ధంలో రెండు లక్షల మందికి పైగా చనిపోయారు, అందులో మామూలు జనమే పెద్ద వంతు. తోమోరి చుట్టుపక్కలా ఘోరంగా పోరు జరిగింది. ఆ సింహం వెనక అమెరికన్ సైనికులు నక్కి, అవతల జపాన్ సైన్యం ఉన్న వైపు చూస్తున్న ఫొటో ఒకటి ఉంది, వెతికితే దొరుకుతుంది. సింహం ఒంటి మీద తూటా గుంటలు ఇప్పటికీ ఉన్నాయి. వేరే ఊళ్లలో చాలా సింహాలు ఆ యుద్ధంలోనే పగిలిపోయాయి. ఇప్పుడు ఒకినావాలో చేత్తో రాతి సింహాలు చెక్కే కొద్దిమంది ఆ పాత ఊరి సింహాల నుంచే ధైర్యం తెచ్చుకున్నారని నాకనిపిస్తుంది. నున్నగా ఉండక్కర్లేదు, కప్పలా ఉన్నా పర్లేదు అనే ధైర్యం.

సరే, రాయి. ఇది జాగ్రత్తగా వినండి, తర్వాత మనం తొట్టి దగ్గరికి వెళ్లినప్పుడు పనికొస్తుంది. ఒకినావా సింహాల్ని చెక్కేది ర్యూక్యూ సున్నపురాయితో. కొన్ని లక్షల ఏళ్ల కింద సముద్రంలో పగడాలు, గవ్వలు, ఆల్చిప్పలు పేరుకుని గట్టిపడిన రాయి. దగ్గరికి తీసుకుని చూస్తే పగడపు గదులు కనిపిస్తాయి. ఒళ్లంతా కన్నాలే, మెత్తగా ఉంటుంది, ఉలి సులువుగా దిగుతుంది, గ్రానైట్ మీద పనిచేసే చేతులకి అయితే ఆటలా ఉంటుంది. పాత ఇళ్ల ప్రహరీలు, కోట గోడలు అన్నీ అదే రాయి. ఇంటి పునాది తవ్వితే దొరికే రాయి, కొనక్కర్లేదు.

ఇక్కడ మన వాళ్లకి ఒక చిన్న సంగతి. అమరావతి స్తూపానికి వాడింది కూడా సున్నపురాయే, పల్నాటి సున్నపురాయి. ఆ స్తూపం ద్వారాల దగ్గర కాపలాగా సింహాలుండేవి. కొన్ని శిల్పాలు లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఉన్నాయి, సింహం కూడా ఉంది. అమరావతి నుంచే ఒకినావాకి వెళ్లిందని నేను అనడం లేదు, రేపు వాట్సాప్‌లో అలా తిప్పకండి దయచేసి. [నవ్వులు] బౌద్ధంతో నడిచి వెళ్లిన సింహానికి మొదట్లో గుమ్మం దగ్గర కూర్చునే ఉద్యోగం ఇచ్చిన చోట్లలో మనదీ ఒకటి అని మాత్రం అంటున్నాను. మన పల్నాటి రాయి వాళ్ల రాయిలా కన్నాలు కన్నాలుగా ఉండదు, బిగుతుగా, నున్నగా ఉంటుంది. అందుకే అంత సన్నటి పని సాధ్యమైంది. అందుకే రంగు మాత్రం పీల్చుకోదు.

ఇప్పుడు నీలిమందు. మనకి నీలి అంటే చేలో వేసే నీలిచెట్టు. కంది, పెసర, వేరుశనగ కుటుంబానిదే. బ్రిటిష్‌వాళ్ల కాలంలో కడప, నెల్లూరు, కర్నూలు వైపు విస్తారంగా వేశారు. 1897లో జర్మనీ కంపెనీ బీఏఎస్ఎఫ్ రసాయన నీలిని మార్కెట్లోకి దించాక ఆ సాగు కూలిపోయింది. ఇప్పుడు మళ్లీ కడప వైపు కొంత వేస్తున్నారు. ఒకినావాలో నీలి ఇచ్చే మొక్క అది కాదు. దాని కుటుంబం మన కనకాంబరానిది, అడ్డసరానిది. ఆశ్చర్యంగా లేదూ, బొత్తిగా సంబంధం లేని రెండు మొక్కలు, లోపల అదే రంగు. ఆ మొక్కని అస్సాం నీలి అని కూడా అంటారు, మన ఈశాన్య రాష్ట్రాల్లో కూడా దాంతో బట్టలకి రంగు వేస్తారు. ఒకినావాలో అది ఉత్తరాన మోతోబు వైపు, ఇజుమి అనే కొండ ఊళ్లో పండుతుంది. మన నీలి ఎండకి మంచిగా పెరుగుతుంది, వాళ్ల మొక్కకి మాత్రం నీడ కావాలి, తేమ కావాలి, ఎండ గట్టిగా తగిలితే మాడిపోతుంది. పైగా ఏటా తుపాన్లు. ఈ రోజుకి దాన్ని పండించి మందు తీసేవాళ్లు చాలా కొద్దిమంది.

తీసే పద్ధతి చెప్తాను, మన దగ్గర నీలి తీసేవాళ్లు వింటే తల ఊపుతారు. ఏడాదికి రెండు కోతలు, ఎండాకాలం మొదట్లో ఒకటి, చలికాలానికి ముందు ఒకటి. కొమ్మలతో సహా కోసి నీళ్ల తొట్టిలో రెండు మూడు రోజులు నానబెడతారు. పైన బరువులు పెడతారు తేలకుండా. నీళ్లు ఆకుపచ్చగా, కాస్త నీలంగా, ఒకరకమైన వాసనతో తయారవుతాయి. ఆకు తీసేసి ఆ నీళ్లలో సున్నం వేసి చిలుకుతారు. గంటల తరబడి చిలకాలి, నురగ పొంగుతుంది, నురగ రంగు చూసే ఎప్పుడు ఆపాలో తేలుస్తారు. తర్వాత వదిలేస్తే నీలం అడుక్కి దిగుతుంది, పైనీళ్లు వంచేస్తే అడుగున బురద లాంటి ముద్ద. దాన్ని వాళ్లు బురద నీలి అనే పిలుస్తారు. మనవాళ్లు దాన్ని ఉడికించి, ఎండబెట్టి, బిళ్లలు కోస్తారు. వాళ్లు తడి ముద్దగానే డబ్బాలో ఉంచుకుంటారు.

అందులో వేసిన సున్నం ఏమిటి? ఆ దీవుల్లో పూర్వం నుంచీ సున్నం కాల్చింది పగడపురాతినే. అంటే సింహాన్ని చెక్కే రాయీ, నీలిని అడుక్కి దించే సున్నమూ ఒకే సముద్రం సరుకు. ఒకటి ఉలి దెబ్బ తిన్నది, ఒకటి బట్టీలో కాలింది. నేను మొదట్లో చుట్టరికం అన్నది దీని గురించే. ఎవరో డిజైనర్ కూర్చుని జత చేసిన జత కాదిది. ఆ ఊళ్లో దొరికేవి అవే కాబట్టి ఎప్పటికైనా కలవాల్సినవే. కలవడానికి ఇంత ఆలస్యం ఎందుకైందంటే, నీలి బట్టల కోసం ఖరీదు పెట్టి తీసే రంగు. హాఎబారు అనే ఊరు ఉంది, మన పోచంపల్లిలా నూలుకి ముందే ముడులు వేసి రంగు ముంచి నేసే ఊరు, అక్కడా రాతి సింహాలున్నాయి, నీలి తొట్లూ ఉండేవి. అయినా బట్టకి చాలని నీలిని రాయి మీద ఎవరు పోస్తారు?

ఇక తొట్టి. నీలం నీళ్లలో కరగదు, ఇక్కడున్న రంగు పనివాళ్లకి చెప్పక్కర్లేదు, శిల్పులకోసం చెప్తున్నాను. కరగనిదాన్ని కరిగించాలంటే తొట్టి నీళ్లలో గాలి లేకుండా చేసి, నీలిని కరిగే రూపంలోకి మార్చాలి. ఆ పని పులిసే తొట్టిలో సూక్ష్మజీవులు చేస్తాయి. వాటికి క్షారం కావాలి, తిండి కావాలి. ఒకినావాలో బురద నీలిలో బూడిద తేట పోసి, తిండికి పాకం లాంటి తీపీ, అవామోరి అనే వాళ్ల సారాయీ కలుపుతారు. సూక్ష్మజీవులకి అక్కడ బాగా జరుగుతుంది. [నవ్వులు] మన దక్షిణాదిలో సున్నం, చౌడు, తగిరిస గింజలు వేసి పులియబెట్టేవాళ్లు, సారాయి ఖర్చు లేదు. తొట్టి పండితే నీళ్లు పసుపుపచ్చగా, పైన రాగి మెరుపుతో నురగ వస్తుంది. అందులో ముంచినది పసుపుగానే బయటికొచ్చి, గాలి తగలగానే పచ్చబడి, చూస్తుండగా నీలమవుతుంది. ఇది ఎన్నిసార్లు చూసినా నాకు విసుగు రాదు.

రాయి విషయంలో ఇది ఎందుకు కుదురుతుంది? సహజ రంగుల్లో చాలావాటికి, రంగు నిలవాలంటే పటిక పట్టించాలి. పటిక నీళ్లు పుల్లన, అంటే ఆమ్లం. సున్నపురాయి మీద పోస్తే బుడగలొచ్చి పైపొర తినేస్తుంది. కరక్కాయ, దానిమ్మ తొక్క కూడా ఆ వైపువే. నీలికి పటిక అక్కర్లేదు, నీలి తొట్టి క్షారం, సున్నపురాయి క్షారంలో చెక్కుచెదరదు. కరిగి ఉన్నప్పుడు నీలి కన్నాల్లోకి దిగుతుంది, గాలి తగిలాక అక్కడే గట్టిగా కూర్చుంటుంది. రంగు పూసినట్టు పొర కట్టదు. పగడపు గదులు, గవ్వ గీతలు అలాగే కనిపిస్తాయి. మెత్తటి చోట ముదురుగా, బిగుతు చోట లేతగా పడుతుంది. ఒకే తొట్టిలో ఒకేసారి ముంచిన రెండు సింహాలు ఒకలా రావు. శిల్పికి ఇది కాస్త టెన్షనే, మొహం మీద లేతగా పడి వీపు మీద ముదురు పడితే చేసేదేమీ లేదు. ముంచే ముందు రాతిపొడి పూర్తిగా కడగాలి, లేకపోతే రంగంతా పొడికి పట్టి రాలిపోతుంది. ముందు మంచినీళ్లలో నాననివ్వాలి, లేకపోతే లోపలి గాలి బుడగలుగా తొట్టిలోకి వస్తుంది, గాలి చేరితే తొట్టి పాడవుతుంది. ఒకేసారి ముదురు రంగు కోసం ఆశపడకుండా, ముంచి తీసి గాలికి పెట్టి మళ్లీ ముంచాలి.

మా తొట్టిలో తాండూరు రాయి ముక్క వేసి చూశాం, పైన మసకగా అంటుకుని తుడిస్తే పోయింది. గ్రానైట్ అసలు పట్టించుకోలేదు. ఇటుక ముక్క, కాల్చిన మట్టిబొమ్మ మాత్రం ఆబగా తాగేశాయి. కాబట్టి మన ఆళ్లగడ్డ రాతి విగ్రహాల్ని నీలిలో ముంచుదామని ఎవరైనా ఉత్సాహపడుతుంటే ఇక్కడే ఆపేయండి. మన దగ్గర చేయాలంటే మట్టిబొమ్మతో చేయండి, దాన్ని ఒకినావా పేరు పెట్టి అమ్మకండి.

ప్రశ్నలు అడగండి. ఏమ్మా?

(ఒక విద్యార్థిని: "సార్, దీన్ని ఇంటి బయట పెట్టుకోవచ్చా? కాపలా అంటే బయటే కదా.")

మంచి ప్రశ్న, నాకూ ఇబ్బందిపెట్టే ప్రశ్న. పెడితే ఎండకి రంగు వెలుస్తుంది, నీలికి సూర్యుడితో పడదు. మళ్లీ మళ్లీ ముంచుతూ ఉండాలి, లేదా వెలిసినా సరే అనుకోవాలి. అందుకే ఇప్పుడు చేసేవి అరచేతిలో పట్టే చిన్న బొమ్మలే ఎక్కువ. కిటికీ పక్కన, షెల్ఫ్ మీద పెట్టుకుంటారు. ఊరికి కాపలా కాసినది ఇప్పుడు టీవీ పక్కన కూర్చుంటోంది. నాకైతే అది కాస్త వెలితిగానే ఉంటుంది, కానీ అమ్ముడుపోయేది అదే, చెక్కేవాళ్లకి పొయ్యి వెలగాలి కదా.

(వెనక నుంచి ఒకరు: "అసలు నీలో, రసాయన నీలో ఎలా తెలుస్తుందండీ?")

కంటితో తెలియదు. లోపల ఉన్న రంగు అణువు రెండింటిలో ఒకటే. ఎవరైనా రంగు చూసి చెప్పేస్తామంటే నమ్మకండి. మీకు తెలిసేది, అది అద్దకమా పెయింటా అన్నది. భూతద్దం పెట్టి చూడండి, కన్నాలు పూడిపోయి మెరుస్తుంటే పెయింట్. కన్నాలు తెరుచుకుని ఉండి లోపలికి రంగు దిగి ఉంటే ముంచినది. కొత్తదాన్ని తడి దూదితో రుద్దితే కొంచెం నీలం వస్తుంది, అది లోపం కాదు, వదులుగా ఉన్న పైరంగు.

ఇంకోటి, ఇది మన ఇళ్ల కోసం ప్రత్యేకంగా చెప్తున్నాను. పండక్కి ఇత్తడి సామాను తోమేటప్పుడు దీన్ని కూడా వరసలో పెట్టి చింతపండుతో తోమకండి. నిమ్మకాయ వద్దు, వెనిగర్ వద్దు, టాయిలెట్ క్లీనర్ మాట ఎత్తనే వద్దు. పులుపు తగిలితే రంగుతో పాటు రాయే కరిగిపోతుంది. పొడి కుంచెతో దుమ్ము దులపండి, చాలు.

టైమైపోయిందంటున్నారు. తొట్టి వెనక వరండాలో ఉంది, ఇటుక ముక్కలూ మట్టిబొమ్మలూ నానబెట్టి పెట్టాం. గ్లౌజులు వేసుకోండి, లేకపోతే ఉగాది దాకా గోళ్లు నీలంగానే ఉంటాయి. తొట్టిలో సున్నం ఉంది, కళ్లు నలుపుకోకండి. ఒకేసారి అందరూ మీద పడకుండా ఇద్దరిద్దరుగా రండి, మూత ఎక్కువసేపు తెరిచి ఉంచితే తొట్టి చల్లబడిపోతుంది.